ద్రాక్ష సోడా కేసు తేలిందిరా శీనూ

బ్రాడీపేట, గుంటూరు
ఆదివారం, సాయంత్రం నాలుగున్నర

ఒరేయ్ శీనూ,

ముందు క్షమించు. నీ ఉత్తరం దీపావళి ముందు వచ్చింది, ఇప్పుడు సంక్రాంతి కూడా వెళ్లిపోయింది. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఇవాళ మాత్రం రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు కాస్త నయం. పెద్దది ఇంటర్ పరీక్షల టెన్షన్‌లో ఉంది. పిన్ని బాగుంది, బీపీ మందులు వేళకి వేసుకుంటోంది, నేనే దగ్గరుండి చూస్తున్నాను. మిగతా కబుర్లు మరోసారి.

ద్రాక్ష సోడా కేసు తేలిపోయిందిరా! అదేరా, చిన్నప్పుడు బాబాయ్ షాపు కీబోర్డు మీద మనం ఒలికించిన సోడా సంగతి. ముప్పై ఏళ్ల తర్వాత! ఆగు, వరసగా చెప్పకపోతే నీకు అర్థం కాదు.

భోగి ముందు రోజు పిన్ని ఫోన్ చేసింది, అరిసెల పాకానికి అటక మీద ఇత్తడి గుండిగ దించిపెట్టమని. ఎక్కాను. గుండిగ వెనకాల ఒక మూట. విప్పితే పాత పెళ్లికార్డుల ప్రూఫులు, 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు' అని ఎర్ర సిరాతో దిద్దినవి. వాటి లోపల బాబాయ్ డీటీపీ షాపు కీబోర్డు! మనం పలకతో కొట్టుకునే యుద్ధంలో డాలు అనుకున్నదే. అదే బరువు. పిన్నిని అడిగితే 'తీసుకెళ్లరా, నీకు ఆ పిచ్చి ఉందిగా' అంది.

నా పిచ్చి నీకు తెలుసు. కీబోర్డు కనిపిస్తే చాలు, ఒక్కో కీ కింద ఏ రకం స్విచ్ ఉందో తెలిసేదాకా ఆగలేను. ముందువైపు ఉన్న పేరు ఎందుకూ పనికిరాదు, అది కంప్యూటర్ అమ్మినవాడి పేరు. తయారుచేసినవాడి ఆచూకీ వెనక స్టిక్కర్ మీద ఎఫ్‌సీసీ (అమెరికా ప్రభుత్వ అనుమతి) నంబర్‌లో ఉంటుంది, అందులో మొదటి మూడు అక్షరాలు ఆ కంపెనీ గుర్తు. ఒక్కోసారి అది దొరికినా చాలదు. చికోనీ అనే కీబోర్డు కంపెనీ వాళ్ల 5161 అనే ఒకే మోడల్‌లో కొన్నిటికి ఆల్ప్స్ కంపెనీవి, కొన్నిటికి చెర్రీ కంపెనీవి స్విచ్‌లు వచ్చాయి. మన దాని స్టిక్కర్ సగం చిరిగిపోయింది, 'మేడ్ ఇన్ థాయ్‌లాండ్' ఒక్కటే మిగిలింది. వైరు చివర పాతకాలం ఐదు పిన్నుల గుండ్రటి ప్లగ్గు. అంటే పాత ఏటీ రకం కంప్యూటర్ల కాలంది, పీఎస్-టూ చిన్న ప్లగ్గులు ఊళ్లోకి రాకముందుది.

విజయవాడలో తెలిసిన ఒక రిపేర్ షాపుకి తీసుకెళ్లాను. అతను నాలుగు కీలు టకటకమనిపించి 'చెర్రీ బ్లూ అండీ, శబ్దంలోనే తెలుస్తుంది' అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. శబ్దం బట్టి ఎవరైనా పొరబడతారు. రంగు ఇంకా మోసం. చెర్రీలో నీలం అంటే క్లిక్కుమంటుంది, నలుపు మెత్తగా దిగుతుంది. ఆల్ప్స్‌లో తెలుపు క్లిక్కుమంటుంది, కానీ ఆ ఆల్ప్స్‌లోనే మీగడ రంగుది ఒకటి ఉంది, అది శబ్దం అణిచిపెట్టినది. పాతబడి పచ్చబడిన తెలుపుకీ ఆ మీగడకీ తేడా మన కళ్లకి ఏం తెలుస్తుంది చెప్పు? కీ పైనున్న క్యాప్ పీకి, కింద స్విచ్ ఆకారం చూడాల్సిందే. ప్లస్ గుర్తు ఉంటే చెర్రీ దారి. సన్నటి దీర్ఘచతురస్రపు గాడి ఉంటే ఆల్ప్స్ దారి, అయితే దానికి తైవాన్ నకళ్లు కోకొల్లలు కాబట్టి అక్కడితో పని అవ్వదు. ఇదేదీ కాక స్ప్రింగు పక్కకి వంగి చప్పుడు చేస్తే అది ఐబీఎం సంగతి.

క్యాప్ పీకేటప్పుడు నేనెప్పుడూ స్క్రోల్ లాక్‌తోనే మొదలుపెడతాను. ఎవరూ వాడని కీ, పొరపాటున విరిగినా కొంప మునగదు. ఈ మాట గుర్తుపెట్టుకో.

పీకాను. ప్లస్సూ లేదు, గాడీ లేదు. తెల్లటి స్లైడర్ (నొక్కితే కిందకి దిగే ముక్క) పైకొస, అంచుల్లో నొక్కులతో, నావైపే చూస్తున్న రాక్షసి మొహంలా ఉంది! శీనూ, అరండల్‌పేట వీడియో గేముల కొట్లో పైనుంచి వరసలు కట్టి దిగేవాళ్లే, నువ్వు 'మా ట్యూషన్ మాస్టార్లు వస్తున్నార్రా' అని అరిచేవాడివి చూడు, వాళ్లే! ఈ స్విచ్‌కి లోకమంతా పెట్టుకున్న ముద్దుపేరు కూడా అదే, స్పేస్ ఇన్వేడర్. 1978లో జపాన్ వాళ్లు టైటో కంపెనీ తెచ్చిన ఆ ఆట పేరే. అసలు పేరు హై-టెక్ సిరీస్ 725. హై-టెక్ అనేది అమెరికా కంపెనీ, దాన్ని ఎన్ఎంబీ కొనేసింది. ఎన్ఎంబీ అంటే నిప్పన్ మినియేచర్ బేరింగ్, 1951లో చిన్న చిన్న బాల్ బేరింగులు చేయడానికి పుట్టిన జపాన్ కంపెనీ. వాళ్లకి థాయ్‌లాండ్‌లో ఫ్యాక్టరీలున్నాయి. చిరిగిన స్టిక్కర్ కూడా కలిసింది! అలాంటిది మన షాపులో ఉంటే మనం దాని మీద మరమరాలు తిన్నాం.

కానీ ఒక చిక్కు. 725లో తెల్ల స్లైడర్ అంటే క్లిక్కుమనేది. నేను పీకిన స్క్రోల్ లాక్ క్లిక్కుమనలేదు. నొక్కితే బంకలా దిగి, కాసేపటికి బద్ధకంగా పైకి వచ్చింది. నా గుర్తింపు తప్పేమో అని గుండె జారిపోయింది. మిగతావన్నీ నొక్కి చూశాను. అన్నీ టక్, టక్, టక్. ఇదొక్కటే మొండిది. అప్పుడు లైటు దగ్గరికి తీసుకెళ్లి చూస్తే ఆ స్లైడర్ మొదట్లో ఊదారంగు మరక.

ఊదారంగు, శీనూ.

నాకు ఇంకా తట్టలేదు. సోడా ఒలికింది ఎడమ వైపున కదా, స్క్రోల్ లాక్ ఎక్కడో కుడి చివర పైన. 1994 మే నెల, పెళ్లిళ్ల హడావుడి, బాబాయ్ ప్రెస్‌కి వెళ్లారు, నువ్వు గోలీ కొట్టావు, సీసా పొంగింది. (నేనే కదిపానని నువ్వు అంటావు. ఆ వాదన ఇప్పుడొద్దు.) 'ఏ' కీ అక్కడే దిగబడిపోయింది. గుడ్డతో తుడిచి, డాబా మీద ఎండలో పెట్టి, తులసికోట ముందు ఎవరికీ చెప్పకూడదని ఒట్టేసుకుని, సాయంత్రం ఏమీ ఎరగనట్టు యథాస్థానంలో పెట్టేశాం. మర్నాడు బాబాయ్ కూర్చుని టకటకా కొట్టేశారు. ఎండ బాగు చేసిందిరా, తులసమ్మ కాపాడిందిరా అని మనిద్దరం ఎన్నేళ్లు చెప్పుకున్నాం!

ఎడమవైపు క్యాపులు పీకాను. క్యూ కింద ఊదా మరక. ఎస్ కింద మరక. జెడ్ కింద మరక. మధ్యలో 'ఏ' కింద స్విచ్ పాలలా తెల్లగా ఉంది.

చేతులు వణికాయిరా. వెనక స్క్రూలు విప్పి బోర్డు తిప్పాను. ఒక చిప్ మీద 9138 అని ఉంది, 91వ సంవత్సరం 38వ వారంలో చేసిందని అర్థం. టంకాలన్నీ ఒక్క తీరుగా, ఫ్యాక్టరీలో పెట్టినట్టు చిన్నచిన్నగా మెరుస్తున్నాయి. రెండు చోట్ల మాత్రం మసకగా, లావుగా, చుట్టూ గోధుమరంగు గుగ్గిలం ఆనవాళ్లతో ఉన్నాయి. ఒకటి 'ఏ' కింద. ఒకటి స్క్రోల్ లాక్ కింద.

బాబాయ్ మార్చారురా. ఆ రాత్రే. రేడియోలు బాగుచేసే ఆ పాత సోల్డరింగ్ ఐరన్‌తో, ఎవరూ వాడని కీ కింది మంచి స్విచ్ తీసి 'ఏ' కింద పెట్టి, మనం పాడుచేసినదాన్ని దాని చోట పెట్టారు. ఈ స్విచ్ గుంటూరులో ఎక్కడా దొరకదని ఆయనకి తెలుసు. ఒక్క మాట అనలేదు. నిన్నూ అనలేదు, నన్నూ అనలేదు.

ఇంకోటి గుర్తొచ్చింది. ఆ వారమే షాపు ముందు అరుగు మీద చెక్క బల్ల వేయించారు చూడు? 'సోడాలు ఇక్కడ కూర్చుని తాగండ్రా, గాలి బాగా వస్తుంది' అన్నారు. మనల్ని పెద్దవాళ్లలా చూస్తున్నారని ఎంత మురిసిపోయాం!

పిన్నికి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత 'ఆ రోజు రాత్రి పదకొండు దాటాక ఇంటికొచ్చారురా. చెయ్యి కాలితే వెన్న రాశాను. ఎలా కాలిందంటే చెప్పలేదు' అంది. ఆ పైన లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను అక్కడే కూర్చుండిపోయాను. ఏం చెప్పాలో… సరేలే, నువ్వు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

ఇప్పుడు నిన్ను అడగాల్సింది ఒకటుంది. స్క్రోల్ లాక్ స్విచ్ విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగితే మళ్లీ క్లిక్కుమనొచ్చు. చేతిలో పనే. కానీ ఆ మరక పోతుంది. నాకు ముట్టుకోవాలని లేదు. నీ ఇష్టం ఏంటో చెప్పు, అప్పటిదాకా స్క్రూడ్రైవర్ పట్టను. రెండు కన్వర్టర్లు తగిలించి నా కంప్యూటర్‌కి కలిపాను, పనిచేస్తోంది. దాని మీద మొదట నీ పేరే కొట్టాను. ఆ చప్పుడు వినగానే పిన్ని వంటింట్లోంచి తొంగిచూసింది, ఆయనే వచ్చారేమో అన్నట్టు. నువ్వు ఉగాదికి పుణె నుంచి వచ్చేటప్పుడు ఆ

కరెంటు పోయింది, పిల్లది పిలుస్తోంది, కొరియర్ అతను ఐదున్నరకే షట్టర్ దించేస్తాడు. కవర్లో స్క్రోల్ లాక్ క్యాప్ పెడుతున్నాను, జాగ్రత్త.

నీ
రాంబాబు