వేమోర్క్ వంతెన దగ్గర ఆగి చూడు

అమ్మలూ,

వచ్చే వారం నార్వేలోని ర్యూకన్ వెళ్తున్నానని, వేమోర్క్ మ్యూజియం చూస్తానని రాశావు. ఒకప్పుడు అక్కడ భారజలం తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. 1943లో ఆ ఫ్యాక్టరీ మీద జరిగిన దాడి సంగతి తెలుసుకుని వెళ్తే అక్కడి లోయ నీకు వేరేగా కనిపిస్తుంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

ముందు భారజలం, అంటే బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు. మామూలు నీళ్లలో సుమారు 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి బరువైనది. నీళ్లలోకి కరెంటు పంపితే తేలికవే ముందు వాయువుగా పోతాయి, మిగిలిన నీళ్లలో బరువైనవాటి పాలు పెరుగుతుంది. అదే పని మళ్లీ మళ్లీ చేయాలంటే కరెంటు విపరీతంగా కావాలి. వేమోర్క్‌లో జలపాతం ఉంది, 1911 నుంచి విద్యుత్ కేంద్రం ఉంది. (మన మణుగూరు భారజల కర్మాగారంలో పద్ధతి వేరు, అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ వాడతారు.) జర్మన్లు తమ అణు రియాక్టర్‌కి ఈ నీటినే నమ్ముకున్నారు. నార్వే దేశం తమ చేతికి చిక్కాక ఉత్పత్తి పెంచమన్నారు.

మొదటి ప్రయత్నం ఘోరంగా విఫలమైంది. 1942 నవంబర్ 19 రాత్రి బ్రిటిష్ వాళ్లు విమానాలు లాగే, ఇంజిన్ లేని రెండు గ్లైడర్లలో 34 మందిని పంపారు. చీకట్లో, మబ్బుల్లో, కొండల మధ్య గ్లైడర్ దించడం ఎంత కష్టమో ఆలోచించు. లాగే తాళ్లకు మంచు పట్టింది. గ్లైడర్లు రెండూ కూలిపోయాయి, వాటిని లాగిన విమానాల్లో ఒకటి కొండను గుద్దుకుంది. బతికి బయటపడ్డవాళ్లను జర్మన్లు పట్టుకుని చంపేశారు. విమాన సిబ్బందితో కలిపి 41 మంది పోయారు.

గ్లైడర్లలో వచ్చేవాళ్లకు దారి చూపడానికి అక్టోబర్‌లోనే నలుగురు నార్వే వాళ్లు పారాచ్యూట్‌తో హర్డంగర్‌విడ్డా పీఠభూమి మీద దిగి ఉన్నారు. సామాను ఒక్క విడతలో మోయలేనంత ఉండటంతో, సగం మోసుకెళ్లి దించి, వెనక్కి వచ్చి మిగతాది తెచ్చుకునేవాళ్లు. అంటే ప్రతి కిలోమీటరూ మూడుసార్లు నడిచారు. గ్లైడర్లు కూలాక ఆ చలికాలమంతా అక్కడే దాక్కున్నారు. మంచు కింద నాచు తవ్వుకుని తిన్నారు. క్రిస్మస్‌కి కాస్త ముందు ఒక రెయిన్‌డీర్ దొరికాకే ప్రాణం నిలిచింది.

1943 ఫిబ్రవరి 16న మరో ఆరుగురు నార్వే వాళ్లు దిగారు. నాయకుడు యోవాకిమ్ రోన్నెబెర్గ్‌కి అప్పుడు 23 ఏళ్లు, నీకంటే ఒక్క ఏడాది పెద్ద. దిగీదిగగానే మంచు తుఫానులో రోజుల తరబడి ఇరుక్కుని, ఆ తర్వాత పాతవాళ్లను కలుసుకున్నారు.

దారి ఎంచుకోవడంలోనే అసలు తెలివంతా ఉంది. ఫ్యాక్టరీకి ఉన్న వంతెన మీద కాపలా. పైనున్న కొండవాలు నిండా మందుపాతరలు. లోయ మాత్రం ఎవరూ దిగి ఎక్కలేరని జర్మన్ల ధీమా. మొదట దిగిన నలుగురిలో ఒకడైన క్లాస్ హెల్‌బర్గ్ పగటిపూట ఒక్కడే వెళ్లి చూశాడు. లోయ గోడకు పొదలు, చిన్న చెట్లు పట్టుకుని ఉన్నాయి. చెట్టు వేళ్లూనిన చోట మనిషికీ పట్టు దొరుకుతుంది కదా. ఫిబ్రవరి 27 రాత్రి ఆ పదిమందిలో తొమ్మిది మంది లోయలోకి దిగి, గడ్డకట్టిన మోనా నది దాటి, అవతలి గోడ ఎక్కి రైలు పట్టాల మీదికి చేరారు. పట్టాల మీద కాపలా లేదు. కాపలావాళ్లు అర్ధరాత్రి మారతారు, కొత్తవాళ్లు సర్దుకునేదాకా అరగంట ఆగారు. గేటు గొలుసు బోల్ట్ కట్టర్‌తో తెగింది.

ఐదుగురు బ్యారక్ వైపు తుపాకులు పెట్టుకుని నిలబడ్డారు. నలుగురిది పేల్చే పని. ఒక జట్టు చిక్కుకుపోయినా పని ఆగకుండా ఇద్దరిద్దరి చేతిలో పూర్తి సరంజామా ఉంది. అదే పనికొచ్చింది. నేలమాళిగ తలుపు తాళం వేసి ఉంది. రోన్నెబెర్గ్, ఫ్రెడ్రిక్ కైజర్ కేబుళ్ల సొరంగంలో పాక్కుంటూ లోపలికి వెళ్లారు. వాళ్లు దొరికారో లేదో తెలియని మిగతా ఇద్దరూ కిటికీ అద్దం పగలగొట్టుకుని వచ్చారు. లోపల భారజలం తయారయ్యే 18 ఘటాలు. ఇంగ్లండ్‌లో చెక్కతో చేసిన నమూనాల మీద చేతులు అలవాటు చేసుకున్నారు కాబట్టి తడబాటు లేదు. ప్రతి ఘటం అడుగున ఒక పేలుడు మందు పొట్లం, నీరంతా కాలువలోకి పోవాలని. రెండు నిమిషాల వత్తి తెచ్చుకున్నా, ఎవరైనా వచ్చి ఆర్పేస్తారన్న భయంతో 30 సెకన్ల వత్తి కలిపారు.

వెలిగించబోతుంటే అక్కడి నార్వే కాపలాదారు, "నా కళ్లజోడేది? యుద్ధంలో మళ్లీ దొరకదు" అన్నాడు. ఆ క్షణంలో బల్ల మీద వెతికి ఇచ్చారు. మళ్లీ "ఇది ఖాళీ డబ్బా" అన్నాడు, మళ్లీ వెతికారు. ఆ తర్వాతే వత్తి వెలిగింది. స్థానికుల మీద జర్మన్లు కసి తీర్చుకోకుండా, ఇది బ్రిటిష్ వాళ్ల పనేనని తెలిసేలా బ్రిటిష్ సైనికులు వాడే టామీ గన్ అనే తుపాకీ ఒకటి అక్కడ వదిలేశారు. బ్రిటిష్ యూనిఫాం వేసుకుని వెళ్లింది కూడా అందుకే.

మందపాటి గోడలు, యంత్రాల హోరు వల్ల పేలుడు బయటికి పెద్దగా వినిపించలేదు. ఒక జర్మన్ సైనికుడు లైటుతో వచ్చి చూసి వెళ్లిపోయాడు. గురిపెట్టినవాళ్లు కాల్చలేదు. సుమారు 500 కిలోల భారజలం మురుగుకాలువలో పోయింది. ఒక్క తూటా పేలలేదు. వెనక్కి వచ్చేసరికి వెచ్చగాలికి నది మీద మంచు కరుగుతోంది. ఐదుగురు సుమారు 400 కిలోమీటర్లు స్కీల మీద స్వీడన్ చేరారు.

కొన్ని నెలలకే ఉత్పత్తి మళ్లీ మొదలైంది. మిగిలిన నీటిని జర్మనీకి తరలిస్తుంటే 1944 ఫిబ్రవరి 20న టిన్ సరస్సులో ఆ నీటిని మోస్తున్న ప్రయాణికుల పడవను ముంచారు. 18 మంది పోయారు, ఎక్కువమంది నార్వే వాళ్లే. ఆ దాడి చేసిన క్నూట్ హౌకెలిడ్ వేమోర్క్ తొమ్మిది మందిలో ఒకడు. ఈ రెండింటినీ విడదీసి చూడొద్దు.

పాత భవనం 1977లో పడగొట్టారు, నేలమాళిగను తర్వాత తవ్వి బయటికి తీశారు. లోపలికి వెళ్లేముందు వంతెన దగ్గర ఆగి, కిందికి, అవతలి గోడ మీది పొదల వైపు చూడు. మంచి బూట్లు వేసుకో, ఫొటోలు పంపు.

ఆశీస్సులతో,
నాన్న