ఇళ్ల మధ్య షాపింగ్ కాంప్లెక్సా?

సంపాదకుడు గారికి,

హైదరాబాద్ సైనిక్‌పురి దగ్గర మా వీధి వెడల్పు 30 అడుగులే. మూలనున్న ఇంటి స్థలాన్ని నివాస జోన్ నుంచి కమర్షియల్‌కు మారుస్తారట, పేపర్లో వచ్చిన చిన్న ప్రకటన పక్కింటావిడ చూసి చెబితే తప్ప మాకెవరికీ తెలియలేదు. ఇప్పటికే సాయంత్రమైతే గేట్ల ముందు బళ్లే, మొన్న మా మావయ్యగారికి ఆయాసమొస్తే అంబులెన్స్ వీధి మొదట్లోనే ఆగిపోయింది, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లాం. మాస్టర్ ప్లాన్‌లో నివాస ప్రాంతమని చూసుకునే కదా అప్పు చేసి ఇక్కడ కొన్నాం! ఒక్కరికి మారిస్తే రేపు పక్కవాళ్లూ అడుగుతారు. షాపులు వద్దనట్లేదు, మెయిన్ రోడ్డు మీద పెట్టుకోమనండి. అభ్యంతరాల గడువు ముగిసేలోగా అధికారులు ఒక్కసారి సాయంత్రం ఆరింటికి మా వీధికి రావాలి.

– ఒక గృహిణి, సైనిక్‌పురి