మా అత్త పక్షాన నిలబడిన అందరికీ కృతజ్ఞతలు

అనంతపురంలో ఒక వృద్ధాశ్రమంలో ఉంటున్న మా మేనత్త కోసం ఈ కొన్ని నెలల్లో చాలామంది తిరిగారు, మాట్లాడారు, రాశారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను కానీ మనసుకు చాల్లేదు. వాళ్లు ఏం చేశారో నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాను. ఆశ్రమం పేరు మాత్రం రాయను. అత్త ఇంకా అక్కడే ఉంది, అక్కడే ఉంటానంటోంది.

అత్త ధర్మవరంలో ఏళ్ల తరబడి మగ్గం నేసిన మనిషి. పిల్లల్లేరు. మామ పోయాక తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయినా సొంతంగా లేచి నడవలేకపోయింది. నేను బెంగళూరులో, తమ్ముడు కడపలో. రాత్రీపగలూ మనిషి తోడు కావాలి కాబట్టి అందరం మాట్లాడుకుని, అత్త సరేనన్నాకే చేర్చాం. మొదట్లో బాగానే చూశారు. ఎండాకాలం వచ్చేసరికి అత్త చిక్కిపోయింది, మాట తడబడింది, నడుము కింద పుండు పడింది. అడిగితే "వయసైపోయింది కదా" అన్నారు. అత్త ఫోన్ ఆఫీసులో పెట్టేసుకున్నారు. మేం వెళ్లినా అరగంటకి మించి కూర్చోనివ్వలేదు.

మొదటి నమస్కారం ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సుగారికి. తన చుట్టాలావిడను చూడటానికి అక్కడికి వచ్చేవారు. ఓ రోజు అత్త మంచం దగ్గర ఆగి, నిండుగా ఉన్న నీళ్ల గ్లాసు చూసి, "నీళ్లెందుకు తాగట్లేదమ్మా?" అని అడిగారు. "తాగితే బాత్రూంకు పోవాల గదా. పిలిస్తే కసురుకుంటారు. అందుకే తాగేది మానేసినా" అంది అత్త. అనంతపురం ఎండల్లో ఒక ముసలి మనిషి దాహాన్ని అణచుకుని పడుకుంది! ఒంట్లో నీళ్లు తగ్గితే మాట తడబడటం, మనిషి అయోమయంలో పడటం, మూత్రంలో ఇన్ఫెక్షన్ రావడం జరుగుతాయని నర్సుగారు చెప్పాకే మాకు అర్థమైంది. వయసు మీదికి నెట్టేసినవాటిలో చాలావరకు నీళ్లు లేకపోవడం వల్లేనని.

ఆవిడ అంతటితో ఊరుకోలేదు. ఆయాలను పక్కన నిలబెట్టుకుని పని నేర్పారు. మనిషిని ఈడ్చకూడదు, ఈడిస్తే చర్మం లేచిపోతుంది. కింద పరిచిన దుప్పటిని ఇద్దరు చెరోవైపు పట్టుకుని తిప్పాలి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. దిండు పిక్కల కింద పెడితే మడమలు పరుపుకు తగలవు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అక్కడ పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటికి ఆ ఎరుపు సరిగా కనబడదు, అందుకని చెయ్యి పెట్టి వేడిగా, గట్టిగా ఉందేమో చూడాలి. ఇదంతా ఆవిడ ఎవరినీ తిట్టకుండా చెప్పారు. ఆయాలు శ్రద్ధగా నేర్చుకున్నారు. వాళ్లకి ఇంతకు ముందు ఎవరూ చెప్పలేదు, అంతే.

రెండో నమస్కారం 14567లో మాతో మాట్లాడిన అమ్మాయికి. అది వయోవృద్ధుల హెల్ప్‌లైన్, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది, డబ్బులు పడవు. ఆ అమ్మాయి చెప్పాకే, ఉచితంగా న్యాయ సహాయం చేసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాం. అక్కడ జనానికి చట్టం సంగతులు చెప్పి అర్జీలు రాసిపెట్టే పారా లీగల్ వాలంటీర్ అన్నకు ఎంత చెప్పినా తక్కువే. మా ఇంట్లో అందరం అత్తను వేరేచోటికి మార్చడమే మేలనుకున్నాం. ఆయన అర్జీ రాయడానికి ముందు ఆశ్రమానికి వచ్చి, మమ్మల్ని బయట కూర్చోమని, అత్తతో ఒంటరిగా మాట్లాడారు. "అవ్వా, నీకేం కావాల?" అని అడిగారట. అంతమందిమి ఆమె గురించి మాట్లాడుకుంటుంటే, ఆమెను అడిగింది ఆయన. అత్త ఇక్కడి నుంచి పోనంది. పక్క మంచం ఆవిడతో కబుర్లున్నాయి. తన ఫోన్ తన చేతిలో ఉండాల, పింఛను తన చేతికి రావాల, పిలిస్తే బాత్రూంకు తీసుకుపోవాల. అర్జీలో ఆ మూడే రాశారు, చదివి వినిపించి వేలిముద్ర వేయించుకున్నారు.

సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ తీసుకుని, దాన్ని పక్కన పడేయకుండా వయోవృద్ధుల సంక్షేమ శాఖకు పంపినవారికి, తర్వాత ఆశ్రమానికి వచ్చి ఒక్కో మంచం దగ్గరా నిలబడి మాట్లాడిన అధికారికి దండాలు. వార్డు సచివాలయం నుంచి వచ్చే చెల్లెమ్మ ఇప్పుడు ఒకటో తేదీన 4,000 రూపాయల పింఛనును అత్త చేతిలోనే పెట్టి, అత్తతోనే లెక్కపెట్టిస్తోంది.

ఇంకో సంగతి చెప్పాలి. కన్నబిడ్డలు చూడకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీఓగారి ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. వకీలు లేకుండా అర్జీ పెట్టుకోవచ్చు, నెలకు 10,000 వరకు భరణం ఇప్పించవచ్చు. పిల్లల్లేనివాళ్లకైతే ఆస్తి అనుభవిస్తున్న, లేదా రేపు ఆస్తి వచ్చే బంధువులది ఆ బాధ్యత. ఇల్లు రాసిచ్చేవాళ్లు గిఫ్ట్ డీడ్‌లో "నన్ను చూసుకోవాలి" అన్న షరతు తప్పకుండా రాయించుకోండి. ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ ఆ రాతను రద్దు చేయగలదు. అదే ఆశ్రమంలో ఉన్న ఒక పెద్దాయనకు ఇది తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఆశ్రమాల రిజిస్ట్రేషన్, కనీస సౌకర్యాల గురించి 2019లో పార్లమెంటులో పెట్టిన సవరణ బిల్లు చట్టం కాలేదు. డబ్బు కట్టి ఉన్నా, ఉచితంగా ఉన్నా, గ్లాసుడు నీళ్లు భయం లేకుండా తాగే హక్కు ఉండాలి కదా. అందుకే ఆ బిల్లు సంగతి మన ఎంపీలను, ఎమ్మెల్యేలను అడగాలని నా మనవి.

అక్కడ ఉంటున్న మిగతావాళ్ల కుటుంబాలకు కూడా ధన్యవాదాలు. "మనవాళ్ల మీద కోపం పెట్టుకుంటారేమో" అని మొదట భయపడ్డారు. ఆ భయం న్యాయమైనదే. మేం వెనక్కి పోయాక లోపల ఉండేది మన పెద్దవాళ్లే. అయినా అందరూ కలిసి సంతకాలు పెట్టారు. యాజమాన్యం కూడా కూర్చుని విన్నది. ఇప్పుడు చూడటానికి వెళ్తే టైం అడ్డు లేదు. మంచం పక్కన గోడకు కాగితం ఉంది, ఏ గంటకు ఏ పక్కకు తిప్పారో ఆయా సంతకం చేస్తోంది. అత్త పుండు మానుతోంది.

ఆయాలకు చివరగా చెబుతున్నా, తక్కువ కాదు. తక్కువ జీతానికి బరువు పని చేస్తున్నారు. రాత్రిపూట అంతమందికీ ఒక్కరే. ఇద్దరు లేకుండా దుప్పటి పట్టి తిప్పేదెట్లా? రాత్రి డ్యూటీకి ఇంకొకరిని పెట్టమని అందరం రాసిచ్చాం. పెడతామన్నారు, ఇంకా పెట్టలేదు. పెట్టేదాకా అడుగుతాం.