గేమ్ జెర్క్ కొట్టగానే కార్డు మార్చేయకండి

సంపాదకుల వారికి,

ఒడిశాలోని మా రాయగడ, గజపతి, గంజాం జిల్లాల తెలుగు ఇళ్లల్లో పిల్లలకు గేమింగ్ పీసీ కొనిచ్చిన అమ్మానాన్నల కోసం ఈ ఉత్తరం. గేమ్ చక్కగా నడుస్తూ ఉన్నట్టుండి అర సెకను బిగుసుకుపోయి మళ్లీ కదులుతుంది. కుర్రాళ్లు దాన్ని 'జెర్క్' అంటారు. అది మొదలవగానే ఎవరో ఒకరు గ్రాఫిక్స్ కార్డు (తెరమీద బొమ్మలు గీసే భాగం) మార్చమంటారు. విశాఖ రైలెక్కి వేలకు వేలు పోసి కార్డు తెస్తారు, జెర్క్ మాత్రం ఎక్కడికీ పోదు. కార్డుకు సత్తువ చాలకపోతే గేమ్ మొదటినుంచీ నెమ్మదిగానే నడుస్తుంది. బాగా నడిచి మధ్యలో ఆగుతోందంటే, చాలాసార్లు కార్డుకు అందాల్సిన సరుకు, అంటే డేటా, వేళకు అందడం లేదని అర్థం.

ముందు కొలవండి. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటే వచ్చే రివాట్యూనర్ అనే కొలత సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం, ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తాయి. తెర మూలన ఫ్రేమ్‌టైమ్ గీత (ఒక్కో ఫ్రేము, అంటే ఒక్కో బొమ్మ, తయారవడానికి పట్టే సమయం) పెట్టుకోండి. 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 60 ఫ్రేములు) అంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. గీత 16, 17 దగ్గర సాఫీగా పోతూ ఒక్కసారి 80కో 150కో లేచిందంటే అదే జెర్క్. సగటు ఎఫ్‌పీఎస్ అంకెలో ఆ దెబ్బ పెద్దగా తెలియదు, అందుకే 'అరవై వస్తోంది కదా' అన్న మాటతో తగువు తేలదు. గీత కదలకుండా ఉండి, ఎదుటి ఆటగాడు ఇక్కడ మాయమై అక్కడ తేలుతుంటే తప్పు నెట్‌ది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

జెర్క్ ఎప్పుడు వస్తోందన్నదే సగం జవాబు. కొత్త గేములోనో, కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్ అప్‌డేట్ చేసిన వెంటనేనో, కొత్త చోటుకు వెళ్లినప్పుడల్లా ఆగి, రెండోసారి అదే చోట ఆగకపోతే అది షేడర్లు (వెలుగునీడలు, రంగులు ఎలా గీయాలో కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రాములు) తయారవుతున్న సమయం. రోగం కాదు, కాసేపు ఆడితే తగ్గుతుంది. ఎన్విడియా కార్డయితే కంట్రోల్ ప్యానెల్‌లో తయారైన షేడర్లను దాచే షేడర్ క్యాష్ సైజును 10 జీబీకి పెంచండి, చాలు. ఇరవై నిమిషాలు బాగా ఆడాక మొదలైతే వేడిని అనుమానించండి. ప్రాసెసర్ 95, 100 డిగ్రీలకు చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. పక్క ప్లేటు విప్పి ఫ్యానును హీట్‌సింకు (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) నుంచి విడదీస్తే రెంటి మధ్యా దుమ్ము దుప్పటి ముక్కలా అట్టకట్టి ఉంటుంది. పైనుంచి ఎంత ఊదినా అది కదలదు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, గిర్రున తిరగనిస్తే బేరింగు పాడవుతుంది. హీట్‌సింకును కూడా ఊడదీస్తే ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్టు తుడిచి, బఠానీ గింజంత కొత్తది పెట్టాలి.

జెర్క్ వేళాపాళా లేకుండా వస్తుంటే ర్యామ్ (ప్రాసెసర్ వాడుకునే తాత్కాలిక మెమరీ) చూడండి. మా అనుభవంలో అందరూ వదిలేసేది ఇదే. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ర్యామ్ స్టిక్కులు గుచ్చే స్లాట్లు ఎన్ని వాడుతున్నారో, ఏ వేగంతో నడుస్తోందో ఉంటుంది. 16 జీబీ ఒకే స్టిక్కుగా ఉంటే ప్రాసెసర్‌కు ఒకే దారి. రెండు 8 జీబీ స్టిక్కులైతే రెండు దారులు. నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపునుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. పక్కపక్కన పెడితే రెండు కొన్నా ఒకటే దారి. స్టిక్కు మీద 3200 అని ఉండి తెరమీద 2133 అనో 2400 అనో కనబడితే బయోస్‌లో (బోర్డును మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్‌లో) ఎక్స్‌ఎంపీ, అంటే స్టిక్కు మీద రాసిన వేగంతో ర్యామ్‌ను నడిపే సెట్టింగు, ఆన్ చేయలేదన్నమాట. పైసా ఖర్చు లేని మరమ్మతు ఇది.

4 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డుతో టెక్స్చర్లు (గేములో వస్తువుల మీది పైపూత బొమ్మలు) అల్ట్రాలో పెట్టి ఆడితే కార్డు మెమరీ నిండి పొర్లుతుంది. ఒక మెట్టు దించండి. గేము పాత హార్డ్ డిస్కులో ఉంటే ఎస్‌ఎస్‌డీకి (వేగంగా చదివే డిస్కుకు) మార్చండి, ఆ ఎస్‌ఎస్‌డీని కూడా గొంతుదాకా నింపకండి. డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో సీ7 లెక్క (డేటా పంపడంలో వచ్చిన తప్పులు) రోజురోజుకూ పెరుగుతుంటే ముందు డిస్కును బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి. సీ5 లెక్క (డిస్కులో చదవడానికి మొరాయిస్తున్న చోట్లు) పెరుగుతుంటే ఆట పక్కనబెట్టి ఆ రోజే ఫొటోలు, ఫైళ్లు వేరేచోట దాచుకోండి.

ఏఎండీ వారి రైజెన్ ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్లలో ఇంకొకటుంది. ఒకటి రెండు సెకన్లు మొత్తం సిస్టం ఆగి, పాట కూడా తడబడుతుంటే ఎఫ్‌టీపీఎం (తాళపుచెవులు దాచే భద్రతా ఏర్పాటు) కారణం కావచ్చు. ఏఎండీయే 2022 మార్చిలో దీన్ని ఒప్పుకుంది. అజీసా (బయోస్‌లో ఏఎండీ ఇచ్చే భాగం) 1.2.0.7 గానీ అంతకన్నా కొత్తది గానీ ఉన్న బయోస్ వేస్తే పోతుంది. అయితే కాలబైశాఖి గాలివానల రోజుల్లో యూపీఎస్ లేకుండా బయోస్ జోలికి పోవద్దు. మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి.

ప్రతిదానికీ మనవైపు లో-వోల్టేజీ మీద నెపం వేస్తారు. మంచి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది. అది చేతులెత్తేస్తే కంప్యూటర్ ఆరిపోతుంది, లేదా రీస్టార్ట్ అవుతుంది. అర సెకను ఆగి మళ్లీ నడవడం దాని పద్ధతి కాదు. జెర్క్ కోసమని స్టెబిలైజర్ కొనడం డబ్బు దండగ.

ఏది చేసినా ఒకసారికి ఒక్కటే మార్చి, అదే గేములో అదే చోట అరగంట ఆడి గీత చూడండి. నాలుగూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు.

పీసీలు అమ్మే దుకాణాలవారికి ఒక విన్నపం. బిల్లు మీద '16 జీబీ ర్యామ్' అని వదిలేయకుండా ఎన్ని స్టిక్కులో, ఏ వేగమో రాసివ్వండి. ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, కొన్నవాళ్లకు తెరమీద చూపించి పంపండి.

ఇట్లు,
కంప్యూటర్ మరమ్మతు పనివారు, రాయగడ