లేక్ ఫోర్క్ ట్రిప్పులు: ఆగస్టులో మధ్యాహ్నం బోటు తీయడం లేదు

అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ ఇదే మాట చెప్తున్నాను. అందరికీ ఒకేసారి తెలిస్తే మంచిదని ఇక్కడ రాస్తున్నాను. టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ చెరువులో బాస్ అనే చేపని గాలంతో పట్టించి, మళ్ళీ నీళ్ళలోకి వదిలించే ట్రిప్పులు నడుపుతాం కదా, ఇప్పటి నుంచి సెప్టెంబరు మూడో వారం దాకా వాటిలో మధ్యాహ్నంవి ఆపేశాం. ఉదయం వెలుతురు రాగానే బోటు నీళ్ళలోకి దింపుతాం, పదిన్నరకల్లా ఒడ్డుకు వచ్చేస్తాం. మధ్యాహ్నానికి అడ్వాన్స్ కట్టినవాళ్ళకు మొత్తం డబ్బు వెనక్కి పంపేశాను. ఉదయానికి మార్చుకున్నవాళ్ళకు పాత ధరే.

డాలస్ నుంచి గంటన్నర ప్రయాణం, అంటే చీకటి ఉండగానే ఇంట్లోంచి బయల్దేరాలి. చిన్నపిల్లలతో అది ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఈ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో చెప్పాలి.

పోయిన ఆగస్టులో ఒక కుటుంబాన్ని మధ్యాహ్నం రెండింటికి తీసుకెళ్ళాను. పైనీళ్ళు 89 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నాయి. 22 అడుగుల లోతులో ఒక మిట్ట మీద బాస్ గుంపు కనిపించింది. తొమ్మిదేళ్ళ బాబు గాలానికి 20 అంగుళాల చేప పడింది. వాడి చేతులు వణుకుతున్నాయి, వాళ్ళమ్మ వీడియో తీస్తోంది. ఒక ఫోటో అయ్యాక మా పేజీకి బాగుంటుందని నేనే ఇంకో రెండు తీయమన్నాను. నీళ్ళలో వదిలితే చేప పక్కకి ఒరిగి పొట్ట పైకి పెట్టి తేలిపోయింది. లోతు నుంచి గబగబా పైకి లాగినప్పుడు లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది, ఇక చేప తనంతట తాను కిందికి దిగలేదు. దానికి తోడు ఆ వేడి, నీళ్ళ బయట గడిపిన ఆ రెండు నిమిషాలు. చేత్తో పట్టుకుని ఎంతసేపు కిందికి తోసినా మళ్ళీ పైకే వచ్చింది. "అంకుల్, ఇంకొక్కసారి తోయండి, వెళ్ళిపోతుంది" అంటూనే ఉన్నాడు ఆ బాబు. అది వెళ్ళలేదు. తప్పు నాది. ఆ కుటుంబానికి అప్పుడే చెప్పాను, ఇప్పుడు మీ అందరికీ చెప్తున్నాను.

ఎండాకాలంలో ఈ చెరువు రెండు పొరలుగా విడిపోతుంది. పైన వేడి నీళ్ళు, అడుగున చల్లటి నీళ్ళు, మధ్యలో థర్మోక్లైన్ అనే గీత. ఆ గీత కింద ఆక్సిజన్ దాదాపు ఉండదు, పైనేమో వేడి. అందుకే పగటిపూట పెద్ద బాస్‌లు ఆ గీతకు కాస్త పైన, మిట్టల అంచుల్లో, పాత వాగు గట్ల వెంబడి గుంపుగా చేరతాయి. అక్కడ వాటిని పట్టడం కష్టమేమీ కాదు. బతికుండగా తిరిగి పంపడమే కష్టం.

తెల్లవారుజామున సంగతి వేరు. వెలుతురు పడీ పడకముందే బాస్‌లు వేటకి ఒడ్డు దాకా వస్తాయి. నాచు అంచుల్లో మూడు నాలుగు అడుగుల లోతులోనే దొరుకుతాయి. అప్పుడు రబ్బరు కప్పను ఎరగా వాడతాం. పోయినేడాది కొల్లేరు వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన ఆ కప్పను అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసి, "ఇది మా కొరమీను ఎరే కదా బాబూ" అన్నారు. నిజమే, వేట పద్ధతి ఒకటే: గడ్డిలో పొంచి ఉండి కప్ప కదలగానే ఎగబడుతుంది. ఆయనకు నేర్పాల్సింది ఒక్కటే మిగిలింది. నీళ్ళు చిమ్మగానే లాగకుండా, కర్రకి బరువు తగిలేదాకా ఆగాలి. రెండోసారికే పట్టేశారు.

వెలుతురు రాకముందే ఎందుకు బయల్దేరరని కొందరు అడిగారు. 1980లో ఆనకట్ట పూర్తయ్యాక ఈ 27 వేల ఎకరాల్లో చాలా చోట్ల చెట్లు నరక్కుండానే నీళ్ళు నింపారు. ఆ మోళ్ళు ఇప్పటికీ నీటి కిందే ఉన్నాయి. చీకట్లో పిల్లల్ని ఎక్కించుకుని వాటి మధ్య బోటు నడపను.

ఇక అక్టోబరు. నన్నడిగితే ఏడాదిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన నెల ఇదే. నీళ్ళు చల్లబడే కొద్దీ షాడ్ అనే చిన్న వెండి చేపలు గుంపులుగా వాగు పాయల లోపలికి వెళ్తాయి, వాటి వెనకే బాస్‌లు. కొంగలు ఎక్కడ వాలాయో చూస్తే చాలు, సగం పని అయిపోతుంది. చిన్న చేపలా ఈదే క్రాంక్‌బెయిట్ గానీ, తిరిగే రేకు ఉన్న స్పిన్నర్‌బెయిట్ గానీ ఎరగా విసిరితే మొదటిసారి గాలం పట్టినవాళ్ళకు కూడా దొరుకుతాయి. చేపలు లోతులేని చోట ఉంటాయి, నీళ్ళు చల్లగా ఉంటాయి కాబట్టి వదిలినవి తోక ఝాడించి వెళ్ళిపోతాయి. మధ్యాహ్నం ట్రిప్పులు అప్పటికి మళ్ళీ ఉంటాయి.

కానీ ఆ మధ్యలోనే టర్నోవర్ వస్తుంది. పైనీళ్ళు అడుగునీళ్ళంత చల్లబడగానే రెండు పొరలూ కలిసిపోతాయి. నీళ్ళు మురుగ్గా మారి, కుళ్ళిన గుడ్డు వాసన వేస్తాయి. వారం, పది రోజులు బాస్ నోరు తెరవదు. పోయిన అక్టోబరులో ఒక శనివారం బోటు నీళ్ళలోకి దింపే ర్యాంప్ దగ్గరే నాకు ఆ వాసన తెలిసింది. ఆరుగురు స్నేహితులు రెండు బోట్లు బుక్ చేసుకుని దూరం నుంచి వచ్చారు, నేను నోరు మెదపలేదు. సాయంత్రం దాకా రెండే చేపలు. వాళ్ళు ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, మర్నాడు సగం డబ్బు వెనక్కి పంపాను. ఈసారి ముందురోజు సాయంత్రమే నీళ్ళు చూసి ఫోన్ చేస్తాను. బాగా లేకపోతే తేదీ మార్చుకోవచ్చు, లేదా డబ్బు పూర్తిగా తీసుకోవచ్చు.

చేపల పులుసు కోసం అడిగేవాళ్ళకు ఒక మాట. ఇక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను వెంటనే వదిలేయాలని చట్టం. రోజుకు మనిషికి ఐదు, వాటిలో 24 అంగుళాలు, ఆపైన ఉన్నది ఒక్కటే. గుడ్లు పెట్టే పెద్ద ఆడచేపలు బతకాలనే ఆ నియమం. 1992 జనవరిలో ఈ చెరువులోనే 18.18 పౌండ్ల బాస్ పడింది. టెక్సస్‌లో అదే రికార్డు. వండుకోవడానికి చేపలు కావాలంటే నాకు ముందే చెప్పండి, ఆ రోజు క్రాపీ అనే చిన్న చేపకో క్యాట్‌ఫిష్‌కో వెళ్దాం. పులుసుకి క్యాట్‌ఫిష్, వేపుడుకి క్రాపీ. బాస్ కంటే ఈ రెండే రుచి అని మా ఇంట్లో అందరి మాట.

లైసెన్స్ మర్చిపోకండి. టెక్సస్ లైసెన్సులు చాలావరకు ఆగస్టు 31తో ముగుస్తాయి, సెప్టెంబరు ట్రిప్పుకి కొత్తది కావాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు గాలం పట్టుకుంటే వాళ్ళకూ ఉండాలి, ఒక్కరోజు లైసెన్స్ సరిపోతుంది. 17 ఏళ్ళలోపు పిల్లలకు అక్కర్లేదు. లైఫ్ జాకెట్లు పిల్లల సైజులవి కొత్తవి తెచ్చాను. బరువు ముందే చెప్తే సరిపోయేది తీసి ఉంచుతాను.

మధ్యాహ్నాలు ఆపడం వల్ల ఈ రెండు నెలల ఆదాయంలో మూడో వంతు పోతుంది. ధరలు మాత్రం పెంచడం లేదు. సెప్టెంబరులో ఆదివారం ఉదయాలు ఇంకా ఖాళీగా ఉన్నాయి, అక్టోబరులో శనివారాలు సగం నిండాయి. అమ్మానాన్నల తిరుగు ప్రయాణం అక్టోబరులో ఉన్నవాళ్ళు ముందు ఫోన్ చేయండి, మిగిలిన తేదీలు వాళ్ళకే ముందుగా ఇస్తాను.