రంగు ఎక్కడ తేలిపోతోందంటే

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన ఎం31 (ఆండ్రోమెడా గెలాక్సీ) ఫొటో చూశాను. ధూళి చారలు బ్రహ్మాండంగా తేలాయి గానీ, నడిబొడ్డు సున్నం కొట్టిన గోడలా ఉంది, చేతులేమో బూడిద రంగు. శాచురేషన్ (రంగు గాఢత) జోలికి పోకు, జబ్బు అక్కడ లేదు. నీ ల్యూమినెన్స్‌ని (ఎల్, అంటే రంగు లేకుండా వెలుగు మాత్రమే పట్టిన ఫొటో) మరీ ఎక్కువ స్ట్రెచ్ చేశావు, అంటే మసక భాగాలు కనబడేలా వెలుగు పెంచావు; ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో వచ్చిన రంగు ఫొటో) వెలుగులో దానికి చాలా కింద ఉంది. గ్లాసు పాలకు సరిపోయే చిటికెడు పసుపు బిందె పాలలో వేస్తే ఏమవుతుంది? అదే అయింది.

స్ట్రెచ్‌కి ముందు పనులు నీకు తెలిసినవే: నాలుగు మాస్టర్లనూ (ఒక్కో ఫిల్టర్‌తో తీసిన ఫొటోలన్నీ కలిపి చేసినవి) ఒకే రిఫరెన్స్‌కి అలైన్ చెయ్యి, గ్రేడియంట్ (ఆకాశంలో హెచ్చుతగ్గుల వెలుగు) దేనికది తియ్యి, కలర్ క్యాలిబ్రేషన్ ఆర్‌జీబీకి, డీకన్వల్యూషన్ (మసక తగ్గించి పదును పెట్టడం) ఎల్‌కి మాత్రమే. రంగులో నాయిస్ ఉంటే ధైర్యంగా నునుపు చెయ్యి. కన్ను వివరాన్ని వెలుగులోనే వెతుక్కుంటుంది, రంగు కాస్త మసకబారినా పట్టించుకోదు.

అసలు కీలకం కలిపే ముందు ఉంది. మొదట ఆర్‌జీబీని స్ట్రెచ్ చేసి, కాస్త అతి అనిపించేదాకా రంగు ఎక్కించు. దాని లైట్‌నెస్‌ని (వెలుగు భాగాన్ని) విడిగా తీసి, ఎల్ పక్కన పెట్టి ఒకే చోట పిక్సెల్ విలువలు (0 నలుపు, 1 తెలుపు) చూడు. గెలాక్సీ నడిమధ్య ఆర్‌జీబీ 0.70 చూపిస్తుంటే ఎల్ 0.95 ఉందనుకో, హిస్టోగ్రామ్‌తో ఎల్‌ని దించు. ఆకాశం దగ్గర కూడా రెండూ సుమారు 0.10 దగ్గర కలవాలి. నడిమి ఒక్కటే సరిచేసి ఆకాశం వదిలేస్తే చేతుల్లో రంగు మళ్లీ పోతుంది.

అప్పుడు పిక్స్‌ఇన్‌సైట్ సాఫ్ట్‌వేర్‌లోని ఎల్‌ఆర్‌జీబీ కాంబినేషన్‌లో ఆర్, జి, బి టిక్కులు తీసేసి, ఎల్ ఒక్కటే ఎంచుకుని, ఆ కిటికీ కింది మూలలోని త్రికోణం గుర్తుని ఆర్‌జీబీ ఫొటో మీదకు లాగు. అందులో శాచురేషన్ స్లైడర్ తిరకాసుది: 0.50 నుంచి కిందికి జరిపితే రంగు పెరుగుతుంది. 0.40 చాలు.

నక్షత్రాల చుట్టూ రంగు వలయాలు ఎందుకొచ్చాయో కూడా చెప్తాను. ఎల్ ఫిల్టర్ దాదాపు 400 నుంచి 700 నానోమీటర్ల దాకా అంతా వదులుతుంది, నీ రిఫ్రాక్టర్ అంతటినీ ఒకే చోట ఫోకస్ చెయ్యలేదు. అందుకే ఎల్‌లో చుక్కలు లావెక్కుతాయి. రెండింట్లోనూ నక్షత్రాలు తీసేసి కలిపి, చివర్లో ఆర్‌జీబీ నక్షత్రాలనే స్క్రీన్ పద్ధతిలో (కింది ఫొటోని కాంతివంతం చేస్తూ కలిపే తీరులో) వెనక్కి పెట్టు. ఇకనుంచి ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ ఫోకస్ మళ్లీ చూసుకో, బద్ధకించకు.

ఈసారి జెపెగ్ వద్దు, స్ట్రెచ్ చెయ్యని మాస్టర్లు నాలుగూ పంపు.

నీ,
బాబీ