కొత్త డిజైన్ మొదటి చీరకు కూలి ఇప్పించండి: చేనేత మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర చేనేత, జౌళి శాఖ మంత్రి గారికి,

నెల్లూరు జిల్లా కోవూరు మండలం పాటూరు నుంచి నమస్కారాలు. మాది నేత ఇల్లు. నాన్న గుంట మగ్గం మీద కూర్చుంటారు, అమ్మ కండెలు చుడుతుంది. డిజైన్లు గీసే పని నాది.

2018లో ‘మహానటి’ చూసి వచ్చిన రోజు అమ్మ కథ గురించి ఒక్క మాట మాట్లాడలేదు. “ఆ అంచు చూశావటే, మగ్గం మీద నేసిందే!” అని రాత్రంతా అదే. ఆ చీరల వెనక ఉన్నది హైదరాబాద్ డిజైనర్ గౌరాంగ్ షా అని తర్వాత తెలిసింది. ఆ సినిమా దుస్తులకు ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావులతో పాటు ఆయనకూ జాతీయ అవార్డు వచ్చింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఆయన రవివర్మ బొమ్మలతో చేయించిన ఖాదీ చీరలు. అవి అద్దినవి కావు, కుట్టినవీ కావు. జాందానీ పద్ధతిలో పడుగు పోగుల మధ్య రంగు దారాన్ని చేత్తో దూర్చుతూ నేసినవి. బొమ్మలో చెంప మీద నీడ కొంచెం మారితే చాలు, అక్కడ దారం కూడా మారాలి. ఒక్క వరుసకు ఎన్ని దారాలు పట్టుకోవాలో మగ్గం తెలిసినవాళ్లకే అర్థమవుతుంది. ఫొటోలు చూపిస్తే నాన్న చాలాసేపు ఏమీ అనలేదు.

జాందానీ మా ప్రాంతానికి కొత్త కాదు. 2022 దాకా మా జిల్లాలోనే ఉన్న వెంకటగిరి చీరలకు పేరు తెచ్చింది ఆ పనే. చేతులు ఉన్నాయి, పని వచ్చు. మరి అలాంటి చీర మా ఇంట్లో ఎందుకు నేయలేం? నెలల తరబడి ఒకే చీర మీద కూర్చుంటే ఇల్లు గడవదు కాబట్టి. వెనక డిజైనర్ ఉంటే, చీర అమ్ముడుపోతుందో లేదో అనే టెన్షన్ ఆయనది. మా దగ్గర అదంతా నేసేవాడి నెత్తినే.

మూడేళ్ల క్రితం మా చేలలోని వరికంకులను కొంగు మీదకు తెస్తూ నేనొక డిజైన్ గీశాను. నాన్న పంతొమ్మిది రోజులు నేశారు. చూసిన వ్యాపారి బాగుందన్నాడు కానీ మామూలు చీర రేటే ఇస్తానన్నాడు. నాన్న ఇవ్వలేదు. ఆ నెల సరుకులు అప్పు మీద తెచ్చుకున్నాం. ఆ తర్వాత కొత్త డిజైన్ అంటే ఆయన తల అడ్డంగా ఊపుతారు. నేను తప్పు పట్టలేను.

అందుకే అడుగుతున్నాను. నిపుణులు చూసి సరే అన్న కొత్త డిజైన్‌కు, మొదటి చీర నేసినన్నాళ్లూ రోజు కూలి మీ శాఖ ఇవ్వాలి. ఆ చీరను రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో కొని, నేసినవారి పేరు, ఊరి పేరు ట్యాగ్ మీద వేసి షాపులో పెట్టాలి. రెండో చీర సంగతి మేం చూసుకుంటాం. శిక్షణ తరగతులు వద్దనను, కానీ క్లాసులో కూర్చున్న రోజు మగ్గం ఆగితే ఆ రోజు కూలీ పోతుంది.

వరికంకుల చీర మా బీరువాలోనే ఉంది. ఇటు వస్తే మా ఇంటికి రండి, నాన్నే విప్పి చూపిస్తారు.

ఇట్లు,
పాటూరు నేత కుటుంబపు ఆడబిడ్డ